దింపుడు రాయి దగ్గర ఆరో భుజం

మా హార్‌బెక్ ఊరికి పైన, బీడు నడిమధ్యలో, మొలెత్తు బల్లపరుపు రాయి ఒకటుంది. దాన్ని దింపుడు రాయి అంటాం. పగలు గొర్రెలు దాని నీడన పడుకుని నెమరేస్తాయి. చీకటి పడ్డాక గొర్రె కూడా దాని చాయలకు పోదు.

కారణం పాతది. బీడుకి అవతలి లోయలో ఒకప్పుడు చర్చి లేదు. అక్కడ ఎవరు పోయినా శవపేటికను ఆరుగురు భుజాల మీద పెట్టుకుని, ఏడు మైళ్ళు బీడు దాటించి మా చర్చికి తెచ్చేవారు. సగం దారిలో ఆ రాయి మీద దింపి, ఊపిరి తీసుకుని, భుజాలు మార్చుకుని మళ్ళీ ఎత్తేవారు. ఆ బాటకొక కట్టుబాటు ఉండేది. పేటికకి ఎదురైనవాడు పక్కకి తప్పుకుని టోపీ తియ్యాలి. మోసేవాళ్ళు అడిగితే భుజం పట్టాలి. కాదనకూడదు.

ఒక శీతకాలం, కేలెబ్ అనే పెద్దమనిషి ఆకాశం వైపు చూసి, "వెలుతురు చాలు, బయల్దేరండి" అన్నాడట. ఆరో మోతగాడు అతనే. తీరా పేటిక ఎత్తే వేళకి మోకాలు నొప్పని కుంపటి దగ్గరే ఉండిపోయాడు. ఐదుగురే మోశారు. వెలుతురు చాలలేదు. మంచు కురిసింది. మూడో రోజున వాళ్ళు రాయి చుట్టూ కనిపించారు — ఐదుగురూ, ఒక్కో భుజం వంచుకుని, బరువింకా దించనట్టే.

ఐదుగురూ ఇంకా మోస్తూనే ఉన్నారని మా ఊళ్ళో అంటారు. ఆరో భుజం కోసం చూస్తున్నారని…

ఇది మా తాతల నాటి మాట. నేను చెప్పబోయేది ఇరవై తొమ్మిదేళ్ళ కిందటిది. కొంత నేను చూసింది. మిగిలింది అప్పుడు మా ఇంట్లో దిగిన ఐరిస్ పెన్‌ఫోల్డ్ నాకు చెప్పింది. ఆమె చెప్పిన మాటకి నేను ఒక్క ముక్క కూడా కలపలేదు.

నా పేరు ఏంబ్రోస్ మెట్‌కాఫ్. ఊరి చివర, బీడు బాట మొదలయ్యే చోట, మూడు గదుల బస నడుపుతుండేవాణ్ణి. నిజానికి నడిపింది నా భార్య డొరీన్. నేను కట్టెలు కొట్టేవాణ్ణి, గడియారాలకి కీ ఇచ్చేవాణ్ణి. ఆ ఏడు మార్చిలో ఆమె పోయింది. ఏప్రిల్ నుంచి అతిథులకి గుడ్లు వేయించడం నేర్చుకున్నాను.

వీధి గుమ్మం పక్కన డొరీన్ వేలాడదీసిన పలక ఒకటి ఉండేది. బీడు మీదికి వెళ్ళేవాళ్ళు తమ పేరు, ఎంతమంది, ఎక్కడికి, ఎన్నింటికి తిరిగొస్తారు, ఆ పలక మీద సుద్దముక్కతో రాసి వెళ్ళాలి. వచ్చాక వాళ్ళ చేత్తో వాళ్ళే తుడిచెయ్యాలి. రాసిన వేళ దాటి గంటయినా పేరు తుడవకపోతే మేము చర్చి గంట కొట్టించి వెతకడానికి వెళ్ళేవాళ్ళం. అప్పట్లో చేతుల్లో ఫోన్లు లేవు. పలకే మాకు దిక్కు.

పలక పైవరసలో డొరీన్ గుండ్రటి అక్షరాలతో ఒక మాట రాసేది — 'వెలుతురు ఇన్నింటి వరకు'. వారం వారం దాన్ని దిద్దేది. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను ఆ వరస జోలికి పోలేదు; ఆమె పోయాక అది నా పనైంది.

లెనార్డ్, ఐరిస్ పెన్‌ఫోల్డ్ దంపతులు శుక్రవారం సాయంత్రం వచ్చారు. దక్షిణాదిన, గుట్టన్నది కనపడని పల్లపు ఊరు వాళ్ళది. ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి, ఆ వేసవిలోనే పని మానుకున్నాడు. మూడు రోజుల విహారం. బీడు చూడాలని ఆయనకి ఎప్పటి నుంచో కోరిక.

శనివారమంతా చుట్టుపక్కల పల్లెలు తిరిగొచ్చారు. ఎర్రపెంకుల ఇళ్ళు, బాతుల చెరువు, వాగు మీద రాతివంతెన — అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నాకు వర్ణించి చెప్పాడాయన, నేనక్కడే పుట్టిపెరిగినవాణ్ణి కానట్టు.

"ప్రతి ఊళ్ళోనూ టీ తాగాడండీ," అంది ఐరిస్. "ఈయనకి దారి చూపించేది పటం కాదు, కడుపు."

"నువ్వు తినలేదూ మరి? రెండో బన్ను ఎవరు తిన్నారు?"

"నీ ప్లేటులోంచి తిన్నది లెక్కలోకి రాదు."

డొరీన్ పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

రాత్రి భోజనం వేళకి గొర్రెలకాపరి ఆబెల్ గార్బట్ వచ్చాడు. అతనికి కొత్తవాళ్ళు కనిపిస్తే దింపుడు రాయి కథ చెప్పందే ముద్ద దిగదు. కేలెబ్ నుంచి చివరి దాకా చెప్పి, లెనార్డ్ భుజం మీద తట్టాడు.

"మీకు మంచి భుజాలున్నాయి బాబూ. అడిగినా అడుగుతారు. జాగ్రత్త."

"టికెట్ ఉంటేనే ఎక్కించుకుంటానని చెప్తాలే," అన్నాడు లెనార్డ్.

ఐరిస్ మాత్రం నవ్వలేదు. "కాదంటే ఏమవుతుందండీ?" అని అడిగింది.

ఆబెల్ గ్లాసు కింద పెట్టాడు. "కాదన్నవాడు ఒక్కడే తల్లీ. కేలెబ్. వాడు ఆ ఏటి వేసవి చూళ్ళేదు."

ఆ రాత్రి, శీతకాలం వస్తోందని దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పే రాత్రి. ఆ సాయంత్రం ఆరింటికి పడ్డ చీకటి మర్నాడు ఐదింటికే వచ్చేస్తుంది. మా ఇంట్లో ఏడు గడియారాలున్నాయి. హాల్లో లోలకం గడియారం మొదలుకుని డొరీన్ మంచం పక్కనున్న చిన్నదాని వరకు ఏడింటినీ ఒక్కొక్కటిగా నిలిపి, తిప్పి, మళ్ళీ నడిపించాను. ఆమె గడియారం దగ్గర కొంచెంసేపు కూర్చున్నాను. దీపం ఆర్పి పడుకున్నాను.

ఏడు గడియారాలు తిప్పాను. పలక మీది ఒక్క వరస దిద్దలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ఇద్దరూ బయల్దేరారు. లెనార్డ్ సుద్దముక్క తీసుకుని, పలక పైవరస చదివాడు.

"ఆరింటి దాకా వెలుతురుంటుందన్నమాట. అయితే హడావిడి లేదు."

నేను టీకెటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను. "పలక మీద ఉంది కదండీ," అన్నాను.

ఆయన రాశాడు — పెన్‌ఫోల్డ్, ఇద్దరు, దింపుడు రాయి, ఐదున్నర. ఐరిస్ ఆయన కంఠానికి మఫ్లరు చుట్టింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యూపారు.

నాలుగున్నరకి బీడు మీంచి పొగమంచు దిగింది. ఐదవుతుండగా అక్షరాలు కనపడక, పుస్తకం మూసి దీపం వెలిగించాను. దీపం పట్టుకుని హాల్లోకి వచ్చాను. కిటికీ అవతల నలుపు. లోలకం గడియారంలో ఐదు. పలక మీద, డొరీన్ రాసేచోట, నా చేతిరాతతో — వెలుతురు ఆరింటి వరకు.

ఆ క్షణంలో నేను చేసిన మొదటి పని చెప్తాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గంట కొట్టించడానికి పరిగెత్తలేదు. ఆబెల్‌ని కేకెయ్యలేదు. చొక్కా చేతితో ఆ పైవరస తుడిచేశాను.

ఆ తర్వాతే పరిగెత్తాను.

చర్చి గంట మోగింది. ఆబెల్, అతని కుక్క, మరో నలుగురు, నేను — లాంతర్లు పట్టుకుని బయల్దేరాం. రాయి దగ్గరికి వెళ్ళడానికి, రావడానికి ఉన్నది ఒకటే బాట. రెండు పక్కలా ఊబి. అది విడిచి అడుగు వేసేవాడు లేడు.

సగం దారి ఎక్కామో లేదో — కుక్క ఆగిపోయింది. అరవలేదు. బాట పక్కకి జరిగి, ముందుకాళ్ళ మీద తల పెట్టి పడుకుంది.

"లే," అన్నాడు ఆబెల్. అది లేవలేదు.

గాలి లేదు. పొగమంచులో… అడుగుల చప్పుడు. ఒకరిది కాదు. బరువెత్తిన మనుషులు నెమ్మదిగా, ఒకే లయగా వేసే అడుగులు. పైనుంచి వస్తున్నాయి. దగ్గరికొచ్చాయి. మమ్మల్ని దాటాయి. కిందికి పోయాయి. లాంతరు వెలుగులో తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు.

కుక్క లేచి ఒళ్ళు దులుపుకున్నాక చూసుకుంటే, ఆరుగురమూ బాట పక్కన గడ్డిలో వరసగా నిలబడి ఉన్నాం. ఆరుగురి టోపీలూ చేతుల్లో ఉన్నాయి. తియ్యమని ఎవరూ అనలేదు.

రాయి దగ్గర లెనార్డ్ చేతికర్ర కనిపించింది. మూత పెట్టని టీ ఫ్లాస్కు. మనుషులు లేరు. అరిచాం. వాగు చప్పుడు తప్ప బదులు లేదు. రెండు గంటలు ఊబి అంచులన్నీ వెతికి, గొంతులు పోయి, కిందికి దిగాం.

చర్చి గేటుకి చిన్న కప్పుంటుంది. దాని కింద, పూర్వం పేటికలు దింపే రాతిబల్ల. ఆ బల్ల మీద లెనార్డ్ పడుకుని ఉన్నాడు. వెల్లకిలా, కాళ్ళు చర్చి వైపు, చేతులు గుండెల మీద. మఫ్లరు చక్కగా మడిచి తల కింద పెట్టి ఉంది. పోయి చాలాసేపయింది. ఆయన పక్కన నేల మీద ఐరిస్ కూర్చుని ఉంది.

"ఎలా తెచ్చావు తల్లీ?" అన్నాడు ఆబెల్ గొంతు తగ్గించి.

ఆమె మా వైపు చూసింది.

మూడున్నర మైళ్ళు. లెనార్డ్ నాకన్నా బరువైన మనిషి. ఐరిస్ నా భుజం దాకా కూడా రాదు. డాక్టరు గుండె ఆగిపోయిందన్నాడు, ఐదు ప్రాంతంలో పోయి ఉండాలన్నాడు. ఒక గంట ముందుగా మనుషులు చేరి ఉంటే బతికేవాడా అని నేను అడిగాను. "చెప్పలేం మెట్‌కాఫ్," అన్నాడు. ఐరిస్‌ని కూడా పరీక్షించాడు. బయటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

"ఎడమ భుజం మీద చర్మం కమిలిపోయింది," అన్నాడు. "నాలుగు వేళ్ళ వెడల్పు. చెక్క అంచు ఒరుసుకున్నట్టు."

ఆమె మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజున, ఆమె చెల్లెలు కారు తీసుకుని రావడానికి ముందు, వంటింట్లో నా ఎదురుగా కూర్చుని చెప్పింది. గొంతు ఒక్కసారి కూడా తొట్రుపడలేదు.

"నాలుగింటికి రాయి దగ్గర టీ పోశానండీ. 'కాసేపు కూర్చుంటాను ఐరిస్, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది' అన్నాడు. చలికేమో అనుకున్నాను. ఇంకా రెండు గంటలు వెలుతురుంటుందన్న ధైర్యం. ఉన్నట్టుండి తన ముఖం నాకు కనిపించడం మానేసింది. చీకటి పడుతోందని అర్థం కావడానికే నాకు చాలాసేపు పట్టింది. వేళ కాదు కదా అనుకున్నాను…

"లేపబోయాను. లేవలేదు. చంకల కింద చేతులేసి లాగాను. రెండు అడుగులు కదిలాడేమో. ఆయన్ని వదిలి కిందికి పరిగెడితే దారి తెలియదు. ఉంటే చెయ్యగలిగింది లేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కింద మీ గంట మోగింది. గంట మోగుతుండగానే ఆ చెయ్యి చల్లబడింది.

"అప్పుడొచ్చారు. ఐదుగురు. పాతకాలపు కోట్లు. అందులో ఒకాయన టోపీ తీసి, 'అమ్మా, ఒక భుజం తక్కువైంది' అన్నాడు. ఆబెల్ చెప్పిన కథ గుర్తొచ్చింది. భయం వెయ్యలేదు. భయపడడానికి నా దగ్గర ఏం మిగిలిందని? 'మా ఆయన్ని ఇక్కడ వదిలి రాలేను బాబూ' అన్నాను. 'ఆయన్నే తల్లీ' అన్నాడు.

"చూస్తే రాయి మీద పేటిక ఉంది. అందులో లెన్ ఉన్నాడు. వెనక ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ భుజం పెట్టాను. ఎంత బరువనుకున్నారు…

"సగం దారిలో మీరంతా ఎదురొచ్చారు. పక్కకి తప్పుకుని టోపీలు తీశారు. మీ లాంతరు వెలుగు నా ముఖం మీద పడింది ఏంబ్రోస్ గారూ. మీరు సూటిగా నన్నే చూశారు. పిలిచాను. బరువు కింద ఉన్నవాళ్ళకి గొంతు రాదట. మీరు అలాగే నిలబడ్డారు. నేను మిమ్మల్ని దాటి వెళ్ళిపోయాను."

నేను టీకప్పు బల్ల మీద పెట్టాను.

"మీరు మాకు ఏ లోటూ చెయ్యలేదు," అంది ఆమె, నా చెయ్యి మీద చెయ్యి వేసి. "మీ ఇంట్లో ఆ రెండు రోజులూ లెన్ ఎంత నవ్వాడో."

అప్పుడు చెప్పాల్సింది. పలక వీధి గుమ్మం పక్కనే వేలాడుతోంది. 'తప్పు రాసింది నేను, తుడిచింది కూడా నేనే' — ఇంతే మాట. నోటి దాకా వచ్చింది. బయట కారు ఆగిన చప్పుడైంది. ఆమె లేచి చేతిసంచి తీసుకుంది.

గుమ్మం దగ్గర ఆగి, ఏదో చిన్న సంగతి మరిచిపోయినట్టు, వెనక్కి తిరిగింది.

"ఒక్కటి అర్థం కాలేదండీ. చర్చి గేటు దగ్గరికి వచ్చాక, నాతో మాట్లాడిన ఆ పెద్దాయన నన్నొకటి అడిగాడు. 'వెలుతురుంటుందని మీకు ఎవరు చెప్పారమ్మా?' అని."

"మీరేమన్నారు?"

"బస నడిపే ఏంబ్రోస్ మెట్‌కాఫ్ గారని చెప్పాను. ఎందుకడిగాడో తెలియదు. తల ఊపి, 'అయితే ఈ మూల నీది కాదు తల్లీ, నువ్విక దించెయ్' అన్నాడు. అంతే, వెళ్ళిపోయారు… చెప్పకూడదా?"

"ఫరవాలేదు," అన్నాను.

ఆమె నాకు క్రిస్మస్‌కి కార్డు పంపేది. బతికున్నన్నాళ్ళూ పంపింది. ప్రతి ఏడూ జవాబు రాయడానికి కూర్చునేవాణ్ణి. శుభాకాంక్షలు రాసి, కవరు అంటించేవాణ్ణి.

మరుసటి ఏడు, గడియారాలు తిప్పే ఆదివారం నాడు, చీకటి పడే వేళకి, బీడు బాట మీద అడుగులు వినిపించాయి. రాతిగోడ అవతల దాకా వచ్చి ఆగాయి. ఆ తర్వాతి ఏడు నుంచి గేటు దగ్గర. తలుపు తట్టరు. పిలవరు. బరువు మోస్తున్నవాళ్ళు నిలబడాల్సి వస్తే ఒక కాలి మీంచి మరో కాలి మీదికి ఒరుగుతారు చూడండి, ఆ చప్పుడు మాత్రం వినిపిస్తుంది. తెల్లారేదాకా ఉంటారు. నేను లోపల దీపం పెట్టుకుని, ఏడు గడియారాలూ వింటూ కూర్చుంటాను.

ఊరు విడిచిపెడదామనుకున్నాను. ఒక అక్టోబరులో అరవై మైళ్ళ దూరాన, సముద్రపు ఒడ్డున గది తీసుకున్నాను. అడుగులు అక్కడికీ వచ్చాయి. అంత దూరం మోయించినందుకు సిగ్గేసి ఇంటికి తిరిగొచ్చాను.

ఈ అడుగుల సంగతి ఆబెల్‌కి ఒకసారి చెప్పాను, పలక సంగతి చెప్పలేదు. అతను పైపు నింపుకుని, "అడిగితే కాదనకు ఏంబ్రోస్," అన్నాడు. ఇప్పుడు అతనూ లేడు.

నాకు ఎనభై నాలుగు. బస మూసేసి పదేళ్ళు దాటింది. పలక మాత్రం గుమ్మం పక్కనే ఉంది. ఏటేటా గడియారాలు తిప్పే ఈ ఆదివారం నాడు పైవరస తుడిచి, డొరీన్ రాసినట్టే గుండ్రంగా రాస్తాను — వెలుతురు ఐదింటి వరకు. చదివేవాళ్ళు ఎవరూ లేరు.

ఈ ఉదయం రాయబోతే ఎడమ చెయ్యి పైకి లేవలేదు. భుజం మీద కమిలిన మచ్చ ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పు.

ఇప్పుడు ఐదు కావస్తోంది. గేటు చప్పుడైంది. గులకరాళ్ళ మీద అడుగులు… మెట్టు మీద… గుమ్మం అవతల. ఇన్నేళ్ళలో ఇంత దగ్గరికి రాలేదు. ఒకరు గొంతు సవరించుకున్నారు. ఏమడుగుతారో నాకు తెలుసు.

నేను లేచి నిలబడి ఉన్నాను. టోపీ నా చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు.